నెత్తి మీది లైటు

“ఇది పనికిరాదు బాబాయ్,” అన్నాడు పిల్లి, నెత్తికి తగిలించుకున్న లైటును ఇంకా వెలిగించకుండానే.

నోట్లో పెట్టుకోకుండానే ఉప్పెక్కువైందంటే ఎలారా అని మేస్త్రి నవ్వాడు. లిఫ్టులు బిగించే ఆ బృందంలో అందరికంటే సులువుగా పైకి పాకేవాడు కాబట్టి అతనికి పిల్లి అనే పేరు స్థిరపడిపోయింది. చేతి టార్చీలు తీసేసి అందరికీ ఇలాంటి లైట్లు కొనాలని ఆఫీసువాళ్ళ ఆలోచన. పిల్లి వాడి చూసి బాగుందంటే కొంటారు, లేదంటే తిప్పి పంపేస్తారు. ఏ సంగతో సాయంత్రంలోగా చెప్పాలి.

పిల్లికి ఆ లైటు మీద కోపమేమీ లేదు. ఉన్నదల్లా భయం. లిఫ్టు కోసం కట్టిన ఈ నిలువు షాఫ్టులోనే పోయిన నెల, నిలబడడానికి అడ్డంగా వేసిన చెక్క కాలి కింద జారి, సేఫ్టీ బెల్టు ఆపితే గాల్లో వేలాడాడు. దెబ్బ తగల్లేదు. కింద నిలబడి అంతా చూసిన మేస్త్రి కూడా, ఏం కాలేదుగా, టీ తాగి పనిలోకి రా అన్నాడు. పనిలోకైతే వచ్చాడు గానీ ఆ రోజు నుంచి పిల్లి కిందికి చూడలేడు.

ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాడంటే అది చేతి టార్చి పుణ్యమే. మొహం గోడకేసి పెట్టుకుని, టార్చి ఒక్కటే కిందికి పట్టుకునేవాడు. షాఫ్టు అడుగున గుంతలో పనిచేసే మేస్త్రికి వెలుగు అందేది. ఈ లైటుతో ఆ పప్పులుడకవు. తల ఎటు తిరిగితే వెలుగు అటే పోతుంది. సంగతి బయటపడితే పైపనిలోంచి తీసేస్తారు. పైపని తప్ప అతనికి మరొకటి రాదు. ఇంట్లో భార్యకి ఏం చెప్పాలో అసలే తెలియదు.

అందుకే వంకలు వెతికాడు. బరువుగా ఉందన్నాడు. మేస్త్రి దాన్ని లాక్కుని అరచేతిలో ఎగరేసి, నిమ్మకాయంత కూడా లేదన్నాడు. పట్టీ బిగువన్నాడు. మేస్త్రి వదులు చేసి ఇచ్చాడు. చెమటకి నుదురు దురద పెడుతోందన్నాడు. గోక్కో, చేతులు ఖాళీయేగా, అందుకేగా ఇది కొనేది అన్నాడు మేస్త్రి.

ఇక తప్పక పిల్లి బటన్ నొక్కి వెలిగించాడు, మళ్ళీ నొక్కి ఆర్పాడు.

“బటన్ మరీ మెత్తన బాబాయ్. పట్టీ సర్దుకుంటే చాలు, దానంతటదే ఆరిపోతోంది.”

చెప్పినవాటిల్లో నిజం ఇదొక్కటే. మేస్త్రి దీన్ని కూడా వంకల్లోనే కలిపేశాడు.

“మాటలెందుకురా. తొమ్మిదో అంతస్తుకి వెళ్ళి, చెక్క మీద నిలబడి నా మీద వెలుగు వెయ్యి. నేను గుంతలో ఉంటా. పడితే కొందాం. ఏదైనా తొందరగా కానిచ్చెయ్, ఎక్కువసేపు చెక్క మీద ఉండకు.”

చెక్క జారిన ఆ రోజు నుంచి మేస్త్రి ప్రతిదానికీ తొందరపెడుతున్నాడు. పిల్లికి చిరాకేసింది.

మెట్లెక్కుతున్నంతసేపూ అబద్ధాలు కూర్చుకున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు దగ్గరికి పంపుతారు. కాలు బెణికిందంటే రేపు చేద్దువుగానిలే అంటారు. ఒక్కటీ నిలిచేలా లేదు.

తొమ్మిదో అంతస్తులో సున్నం వాసన, సిమెంటు దుమ్ము. తలుపు పెట్టని ఖాళీ దగ్గర నిలబడి బెల్టు కొక్కెం లాగి చూసుకున్నాడు. నమ్మకం చాలక మళ్ళీ లాగాడు. లైటు వెలిగించాడు. ఎదుటి గోడ మీద తెల్లగా, గుండ్రంగా వెలుగు పడింది. గోడను కరుచుకుని చెక్క మీద అడుగు పెట్టాడు.

“నిలబడ్డావా?” భుజం మీది వాకీటాకీలో మేస్త్రి గొంతు.

“నిలబడ్డా.”

“అయితే వెయ్యి మరి.”

తల వంచబోయి ఆగాడు, మళ్ళీ వంచబోయి ఆగాడు. అప్పుడు తట్టింది. ఈ లైటుకి కావలసింది తల వంచడమే. కళ్ళు తెరవమని అది అడగదు. ఇంత చిన్న సంగతి ముందే తోచనందుకు తనను తానే తిట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెమటకి పట్టీ కనుబొమల మీదికి జారితే పైకి సర్దుకున్నాడు. తల కిందికి వంచాడు.

“పడిందా బాబాయ్?”

వాకీటాకీ కాసేపు గరగరలాడింది.

“పడింది,” అన్నాడు మేస్త్రి. “సరిగ్గా మొహం మీదే పడింది. పైకి చూస్తుంటే కళ్ళు బైర్లు కమ్మాయనుకో. గుంతలో మేకు పడినా కనిపించేట్టుంది. బ్రహ్మాండం, కొనేద్దాం. ఇక లోపలికి పో. పోయాక చెప్పు.”

పిల్లి కళ్ళు తెరవకుండానే గోడ తడుముకుంటూ వెనక్కి జరిగి, నేల తగలగానే కూలబడ్డాడు. లోపలికి వచ్చేశానని చెప్పాడు.

“వచ్చేశావా? నిజంగానే?” అంటూ మేస్త్రి గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది.

కిటికీ ఖాళీలోంచి ఎండ మొహం మీద పడుతుంటే పిల్లికి ప్రాణం లేచొచ్చింది. గండం గడిచింది, ఉద్యోగం నిలిచింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాడు, సిగ్గేసింది. పెద్దాయన అక్కడ గుంతలో తల పైకెత్తి తన కోసం నిలబడితే, తను కళ్ళు మూసుకుని ఆయన్ని మోసం చేశాడు. కిందికెళ్ళి బాబాయ్‌కి అంతా చెప్పేస్తే పోతుందేమో అనుకున్నాడు. చెబితే ఏమంటాడో.

లేచి నిలబడి, పగటిపూట బ్యాటరీ దండగ ఎందుకని, లైటు ఆర్పడానికి నుదుటి మీది బటన్ నొక్కాడు.

లైటు వెలిగింది.