ఈ గదిలో మాట

"దీపాలకు సరేనని రాయి. ఎప్పుడు పెడతామో మాత్రం రాయకు," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి, గుమాస్తాతో.

ఆ వెంటనే దుబాసీ పిల్ల వైపు తిరిగాడు. "ఇది వాళ్ళకి చెప్పొద్దు."

అప్పటికే ఆమె చేతులు చెప్పేశాయి.

బల్లకు అవతల కూర్చున్న ప్యాకింగ్ హాలు ఆడవాళ్ళ మొహాలు మాడిపోయాయి.

వాళ్ళెవరికీ చెవులు వినపడవు. సరుకు బండి హారన్ వినపడక ఒకామె పాదం నుజ్జయింది. బళ్ళకు ఎర్ర దీపాలు పెట్టాలి, ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకోవాలి. వాళ్ళ గొడవంతా అదే; వాళ్ళు పని ఆపడంతో హాలు మూతపడింది.

"నిన్నెవరు చెప్పమన్నారు?" మేనేజరు మండిపడ్డాడు.

"ఈ గదిలో ఎవరేమన్నా చెప్తానండీ. అటుదైనా, ఇటుదైనా. కూర్చునే ముందే అన్నాను కదా."

వాళ్ళు వెంటబెట్టుకొచ్చిన పిల్ల, వాళ్ళకే కొమ్ము కాస్తుంది అనుకున్నాడు మేనేజరు.

కాసేపటికి ఆడవాళ్ళ నాయకురాలు బల్ల చాటున పక్కామెకు ఏదో సైగ చేసింది.

దుబాసీ పిల్ల మేనేజరు వైపు తిరిగింది.

"'దీపాలొస్తే చాలు. ఇంకా పట్టుబడితే అదీ పోతుంది. దాని ఉద్యోగం సంగతి వదిలేద్దాం' అంటున్నారండీ."

ఆ పిల్ల పెదాలు కదలడం నాయకురాలు చూసింది. ఆ చూపుకు మేనేజరే కుర్చీలో వెనక్కి జరిగాడు.

తేరుకుని నవ్వాడు. "భలేదానివే! మా వైపు వచ్చెయ్యమ్మా. నీలాంటి మనిషి మాకు కావాలి."

ఆ మాట కూడా ఆమె సైగలతో చెప్పింది, ఒక్క ముక్క మింగకుండా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చేతులు మాత్రం తొణకలేదు.

మేనేజరు నవ్వు ఆగిపోయింది.

ఇలాంటి బల్లల దగ్గరే జుట్టు నెరిసింది ఆయనకు. దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలని బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదలు.

"దీపాలు బిగించాకే హాలు తెరుస్తామని రాయి," అన్నాడు గుమాస్తాతో. "పాదం పోయినామెకి కూర్చుని చేసే పని ఇస్తామని కూడా."

"సార్, అది వాళ్ళే వదిలేస్తామన్నారు కదా!"

"విన్నాను. రాయి."

సంతకాలు ముగిసి తలెత్తేసరికి దుబాసీ కుర్చీ ఖాళీగా ఉంది.

మేనేజరు వరండాలోకి పరుగెత్తాడు. గేటు దాకా చూశాడు. లేదు.

తిరిగొచ్చి, ఆ కుర్చీ చూపించి, ఎవరామె అన్నట్టు నాయకురాలి ముందు చెయ్యి తిప్పాడు.

నాయకురాలు పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చేతులు మడిచి, మెల్లగా ఊపి, తన గుండె మీద చెయ్యి వేసుకుంది.