మడుగు తరఫున మాట

మా తాత స్థిరపాదుడు ఈ మడుగు పూడిక తీసెను. మా అవ్వ నిదానమ్మ ఇందులో తామరలు నాటెను. వారి చలువ వలననే మా తాబేళ్ల కులము ఇక్కడ బ్రతికినది.

ఏదుపందులు మడుగును పూడ్చి దుంపతోట వేసికొందుమని ఏనుగు సభలో అనుమతి కోరినవి. ప్రొద్దు క్రుంకులోపల ఒక్కరే లేచి అభ్యంతరము చెప్పవలెనని సభామర్యాద. న్యాయశాస్త్రము చదువుచున్న నా మనుమరాలు చంద్రిక, ఆమె సహాధ్యాయి నీటికుక్క ముందుకు వచ్చిరి.

"విద్యార్థి నాయకురాలను నేను, నేనే లేచెదను" అనెను చంద్రిక.

"నీవు వేదిక చేరునప్పటికి వానకాలము వచ్చును!" అనెను నీటికుక్క.

"నీవో, చేప కనబడినచో వాదము మరతువు!"

"ఎవరో ఒకరు లేవండమ్మా" అంటిని.

"ఉండు అమ్మమ్మా, ముందు నాయకత్వము తేలనిమ్ము!"

అది తేలకమునుపే ప్రొద్దు క్రుంకెను. అభ్యంతరము ఏదియు రాలేదని ఏనుగు ఏదుపందులకు అనుమతి నిచ్చెను.

అవ్వ నాకిచ్చిన తామరగింజలను చంద్రికకు అప్పగించితిని. మడుగును అప్పగింపలేకపోతిని.