కుంటి హంసపాదు

మొదటి పేజీ ప్రూఫులోనే ఎర్రసిరా గుర్తు కనబడింది.

"ఆదిలోనే హంసపాదా!" నవ్వాడు డాక్టరు. "పైగా దీని ఎడమకాలు సాగింది. కుంటి హంసలా ఉందే!"

"కొత్త ప్రూఫ్‌రీడరు, బావగారూ," అన్నాడు ప్రెస్సు నడిపే బావమరిది. "కామా జారినా వదలడు. ఆయన్ని కామాగారనే పిలుస్తాం."

మూలబల్ల దగ్గర ముసలాయన తలెత్తలేదు.

డాక్టరు రాసింది చిన్న పుస్తకం. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ, ప్రభువు వస్త్రపు అంచు తాకి బాగుపడిన కథ. మత్తయి, మార్కు, లూకా దాన్ని ఎవరెలా చెప్పారో పక్కపక్కన మూడు వరసల్లో పెట్టాడు.

మాట తప్పిపోయిన చోట పెట్టే ఆ హంసపాదు మార్కు వరసలో ఉంది.

"ఇక్కడేం తగ్గిందయ్యా?"

"ఒక వాక్యం పోయిందండి. ఆవిడ ఎంతోమంది వైద్యుల చేతుల్లో పడి, ఉన్నదంతా ఊడ్చి పెట్టుకుని, ఇంకా అధ్వాన్నమైందని మార్కు రాశాడు గదండీ."

"లూకా అంత మాట అనలేదుగా?"

"ఆయనా వైద్యుడే గదండీ. తోటివాళ్ల మీద దయ తలచాడేమో."

బావమరిది నవ్వబోయి, బావగారి మొహం చూసి దగ్గాడు.

"నువ్వు అచ్చుతప్పులు దిద్దు. సువార్తలు దిద్దకు." డాక్టరు గుర్తు కొట్టేశాడు.

రెండో ప్రూఫు వచ్చింది. అదే చోట అదే గుర్తు.

మూడోదాంట్లోనూ అంతే. డాక్టరు ప్రెస్సుకు వచ్చి కాగితాలు బల్లమీద కొట్టాడు.

"ఏంటయ్యా నీ మొండితనం?"

"లూకా వదిలేస్తే అది లూకా దయ అండి. మార్కు మాట మీరు తీసేస్తే అది దయ కాదండి."

"ముప్పై ఐదేళ్లు వైద్యం చేశాను. నా మీద ఒక్క మచ్చ లేదు. తెలుసా నీకు?"

"తెలుసండి," అన్నాడు కామాగారు.

డాక్టరు బావమరిది వైపు తిరిగాడు. "ఈయనుంటే నా పుస్తకం ఇక్కడ అచ్చుకాదు."

కామాగారు ఎర్రపెన్నుకు మూత పెట్టాడు. కళ్లజోడు తుడిచి సంచిలో వేసుకున్నాడు. గడప దాటుతూ చెప్పులు సరిచూసుకున్నాడు. అంతే.

పుస్తకం వచ్చింది. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతులన్నీ పంచేశారు.

"కామాగారు గది ఖాళీ చేశాట్ట, బావగారూ. ఎక్కడికెళ్లాడో ఎవరికీ తెలీదు. బంగారం లాంటి పనివాడు."

"పీడా వదిలింది."

ఆ సాయంత్రం డాక్టరు ఒక ప్రతిని దాచుకుందామని బీరువా తీశాడు. పాత పట్టాల కింద, ఉద్యోగంలో చేరిన ఏటి ఫైలు చేతికి తగిలింది.

ఆ ఏడే రక్తస్రావంతో వచ్చిన ఒకామె అతని చేతుల్లో పోయింది. తను ఇచ్చిన మందు తప్పు. విచారణ రోజు వరండాలో ఆమె భర్త రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు తను. "ఆ ఒక్క మాట రాయకండి. నా బతుకు మీ చేతుల్లో ఉంది." ఆ మనిషి చాలాసేపు చూసి, తలూపాడు. ఆ మొహం తనకిప్పుడు గుర్తు లేదు.

ఆ భర్త రాసిచ్చిన కాగితం నకలు ఫైల్లోనే ఉంది.

'నా భార్యను ఉదయం ఆసుపత్రిలో చేర్చాను. సాయంత్రం చనిపోయింది.'

ఆ రెండు వాక్యాల నడుమ, ఇన్నేళ్లూ కలం జారిన గీతే అనుకున్న చోట, పైన ఏ మాటా లేకుండా, ఎడమకాలు సాగిన హంసపాదు ఉంది.