ఆగని బస్సు

మూడో బస్సు కూడా ఆగకుండా దూసుకుపోయింది. స్టాపులో ఉన్నవాళ్ళందరం ఎత్తిన చేతులు దించేశాం.

"ఊరికి కొత్తాండీ?" అని అడిగింది పక్కనున్న నర్సు. డ్యూటీకి వేళ మించిపోతోందని ఆమె గడియారం చూసుకుంటూనే ఉంది.

"కొత్తేం కాదు. ఏళ్ళ తర్వాత పిల్లల్ని చూసిపోదామని వచ్చాను. అప్పట్లో బస్సులు తక్కువేగానీ, చెయ్యెత్తితే ఆగేవి."

"ఇప్పుడు రాబోయేవాడు మరీ ఘోరమండీ. బస్సులో చోటున్నా ఆపడు. నిన్న కడుపుతో ఉన్న పిల్ల బస్సు వెంట పరుగెత్తినా చూడనట్టే పోయాడు. వాడికి తల్లి లేదా అసలు?"

అంతలో బస్సు మలుపు తిరిగింది. ముందు అద్దంలోంచి డ్రైవర్ కనబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా సంచీ నర్సు చేతిలో పెట్టి, వెళ్ళి నడిరోడ్డు మీద నిలబడ్డాను.

"గుద్దేస్తాడండీ! ఇటొచ్చేయండి!" అని ఆమె కేక పెట్టింది.

నేను కదల్లేదు. హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. బస్సు నాకు జానెడు దూరంలో ఆగింది.

డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "చావడానికి నా బస్సే దొరికిందా..." అంటూ నన్ను చూసి నోరు మూసుకున్నాడు. గబగబా చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

"టైమైపోతోంది, నువ్వెక్కు," అన్నాడు మెల్లగా.

"వీళ్ళందరూ ఎక్కిందాకా అడుగు కదపను."

తలుపు తెరుచుకుంది. జనం ఎక్కుతున్నారు. నర్సు నా సంచీ తిరిగిస్తూ, "మీరు చెబితే వాడు వినడమేంటండీ!" అంది.

"ఇందాక మీరే అడిగారుగా, వాడికి తల్లి లేదా అని. ఉంది. ఎక్కండి."