మూడో పిలుపు

ఇద్దరు మగవాళ్ళ పెళ్ళిని చట్టం ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ రోజు కేసు. బోనులో దర్జీ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"మీతో పాటు దావా వేసిన రెండో ఆయన ఏరీ? మూడో పిలుపుకీ పలక్కపోతే కేసు కొట్టేస్తాను," అన్నారు జడ్జిగారు.

బంట్రోతు వరండాలోకి పరుగెత్తి, గొంతు చించుకుని మూడోసారి పేరు పిలిచాడు. చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, "ఎవరూ పలకట్లేదండీ," అన్నాడు.

దర్జీకి నవ్వాగలేదు. "అయ్యా, అది ఈయన పేరే. ముప్ఫయ్యేళ్ళుగా ఊరందర్నీ పిలవడమే గానీ, ఈయన్నెవరూ పిలిచింది లేదు."

బంట్రోతు నాలుక్కరుచుకున్నాడు. "హాజరండీ."

"ఇంట్లోనూ ఇంతేనండీ. మూడుసార్లు పిలిస్తేగానీ భోజనానికి లేవరు," అన్నాడు దర్జీ.

"మరి ఇది పెళ్ళి కాదని నేనెలా రాసేదయ్యా?" అంటూ జడ్జిగారు కలం తీశారు.