పచ్చ తెర అవతలి గొంతు

ఆ దినం కట్టు మార్చేటప్పుడు కార్తీశ్వరి ఏడవలేదు.

మందులు కొనుక్కుని అప్పుడే తిరిగొచ్చిన పొన్నయ్యకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. కోవిల్‌పట్టిలో ఇంట్లో ఉడుకు గంజి ఒలికి కూతురి చేయి కాలింది. అగ్గిపెట్టెల కంపెనీకి సెలవు పెట్టి, విరుదునగర్‌లో ఈ చిన్న ఆసుపత్రిలో చేర్చాడు. నాలుగు దినాలుగా ఎనిమిదేళ్ల పిల్ల అరుపులు వీధి దాకా వినబడుతున్నాయి. ఆమె కాళ్లు అదిమిపట్టి కళ్లు మూసుకోవడమే అతని పని.

"నొప్పి లేదా అమ్మా?"

"ఉండాది నైనా. నిలా అక్క వచ్చినాది. పది లెక్కపెట్టమన్నాది. పెట్టినా."

నిలా అంటే టీవీ కార్టూన్‌లో అమ్మాయి.

అందులో వీరులంతా ఎగురుతారు. చేతుల్లోంచి మెరుపులు విసురుతారు. నిలాకు మాత్రం ఏ శక్తీ లేదు. ఉత్త మనిషి. వీరులకు దెబ్బ తగిలినప్పుడల్లా పాత వ్యాను వేసుకుని వస్తుంది. పక్కన కూర్చుని ధైర్యం చెబుతుంది.

కార్తీశ్వరికి ఎగిరేవాళ్లకన్నా ఆమే ఇష్టం.

జ్వరంలో పలవరిస్తోంది అనుకున్నాడు పొన్నయ్య.

మర్నాడూ అతను బయటికి పోయినప్పుడే కట్టు మార్చారు. ఆ దినమూ పిల్ల ఏడవలేదు. కానీ అన్నం ముందు పెడితే మూతి తిప్పుకుంది.

"నిలా అక్క చెబితేనే తింటా. మనింటికీ వస్తాదంట!"

పొన్నయ్య పళ్లెం కింద పెట్టేశాడు. చేయి కాలింది సరే, పిల్లకు మతి కూడా చెడుతోందా?

ఆ మరుసటి పొద్దున అతను టీ తాగి వచ్చేసరికే కట్టు మార్చడం మొదలైంది.

రెండు మంచాల నడుమ ఉన్న పచ్చ తెర అవతలినుంచి ఒక పడుచుపిల్ల గొంతు, అరవంలో.

"కళ్లు మూసుకో కార్తీ. నేను పక్కనే ఉన్నాను. ఒకటి... రెండు..."

తెర పక్కకు లాగాడు.

అక్కడ ఏ పడుచుపిల్లా లేదు. నేల తుడిచే పాపమ్మాళ్ ఉంది. యాభై దాటిన మనిషి. పక్కన ఫినాయిల్ బకెట్టు.

వరండాలో ఆమెను నిలదీశాడు.

"దొంగ గొంతు పెట్టి పసిబిడ్డను మోసం చేస్తావా?"

"బిడ్డ బయపడతా ఉంటే చూడలేక, అన్నా..."

ఆమెదీ తెలుగు మాటే. వీళ్లది తెలుగిల్లని తెలిసి మొదటి దినం ఎంతో మురిసిపోయింది కూడా.

"నా బిడ్డను పిచ్చిదాన్ని చేయొద్దు. తుడిచే పని తుడిచి పో!"

ఆమె ఇంకేదో చెప్పబోయింది. అతను వినలేదు. నేరుగా ఆఫీసు గదికి పోయి ఫిర్యాదు చేశాడు.

కన్నతండ్రి తను. తనవల్ల కానిది నేల తుడిచే మనిషి చేసింది. అసలు మంట అక్కడుంది. ఆ మాట అప్పుడు ఒప్పుకోలేకపోయాడు.

మర్నాడు కార్తీశ్వరి అరుపులు మళ్లీ వీధికెక్కాయి.

"నిలా అక్కా! నిలా అక్కా!"

పది లెక్కపెట్టమన్నాడు పొన్నయ్య. తనే ఒకటి, రెండు అన్నాడు. మూడు దగ్గరే పిల్ల అరుపుల్లో అతని లెక్క మునిగిపోయింది.

మూడు దినాలు ఓర్చుకున్నాడు. నాలుగో దినం నర్సు సెల్వలక్ష్మి దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఆ పాపమ్మాళ్‌ను ఒక్కసారి పిలవండి. తప్పు నాది. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"పని మానేసి పోయిందన్నా. మీరు ఆఫీసులో చెప్పిన దినమే."

"ఏ ఊరు?"

"సాత్తూరు వైపు అనేది. అంతకుమించి ఎవరికీ తెలియదు."

పొన్నయ్య గోడకు చేరగిలబడ్డాడు. లోపల పిల్ల ఇంకా వెక్కుతోంది.

"ఎంత బాగా అనుకరించేదమ్మా! అచ్చం టీవీలో నిలాయే."

సెల్వలక్ష్మి చేతిలో పని ఆపి అతని ముఖంలోకి చూసింది.

"అనుకరించడమేమిటన్నా? మొగుడు మంచాన పడ్డాడని మదరాసు వదిలి వచ్చేదాకా, ఆరేళ్లపాటు ఆ కార్టూన్‌లో నిలాకు గొంతిచ్చింది ఆమే."