గీత పడని సూటు

“మడత పెట్టకమ్మా. మడత పడ్డచోట రబ్బరు చీలిపోతుంది,” అన్నాడు సూపర్‌వైజర్ సుహాస్.

“ఎర్కనే సార్. మా ఆయన జెప్పేటోడు,” అంది నవత. “మంచినీళ్లల్ల కడిగి నీడకు ఆరేసిన. మగ్గం బీముకు పడుగు చుట్టినట్టు చుట్టి సంచిల పెడ్త.”

గుజరాత్‌లోని హజీరా జెట్టీ కింద సముద్రంలో మునిగి పనిచేసే ఆమె భర్త రాంప్రసాద్ పోయి పదకొండు రోజులైంది. జెట్టీ దగ్గర్నుంచి అతని బట్టలతో పాటు ఇంటికొచ్చిన కంపెనీ డైవింగ్ సూటు రేపు కాకినాడలో కొత్త డైవర్‌కి చేరాలి.

సుహాస్ దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు.

“ఒక్క గీత పడలేదు. ఆరోజు రాంప్రసాద్‌ని ఒడ్డుకి తెచ్చాక జిప్పు బిగుసుకుపోయింది. ఛాతీ నొక్కాలి, సూటు కోసేద్దామని తోటి డైవర్ కత్తి తీశాడు. నేనే ఆపాను. నలుగురం పట్టి మెల్లగా లాగేసరికి పావుగంట పట్టింది.”

చాప మీద సూటును సర్దుతున్న నవత చేతులు ఆగిపోయాయి.

“గప్పుడు ఆయనకు ఊపిరుండెనా సార్?”

సుహాస్ సూటు జిప్పును కిందికీ పైకీ లాగి చూశాడు.

“మైనం రాశావా అమ్మా? ఇప్పుడెంత సులువుగా జారుతోందో.”